మినహాయింపులో మిగిలినవాళ్లు

ఇద్దరు వయసొచ్చిన మగవాళ్లు ఏకాంతంలో ఇష్టపడి కలిస్తే అది నేరం కాదని 1967లో బ్రిటన్ పార్లమెంటు ఇంగ్లండ్, వేల్స్‌ల కోసం చట్టం చేసింది. అదే చట్టంలో, సైన్యానికి ఇది వర్తించదని ఒక మినహాయింపు పెట్టింది. 1994లో సైన్యంలోనూ నేరం అన్న ముద్ర తీసేశారు కానీ, ఉద్యోగంలోంచి పంపించేసే అధికారం మాత్రం అట్టే పెట్టుకున్నారు. నిషేధం పూర్తిగా పోయింది 2000 జనవరి 12న. అంటే ఆ మినహాయింపు ఏదో ఒక రూపంలో 32 ఏళ్లకు పైగా బతికింది. ఆడవాళ్ల మధ్య ప్రేమను ఆ దేశపు మామూలు చట్టం ఎన్నడూ నేరంగా చూడలేదు. సైన్యం మాత్రం వాళ్లనూ వెంటాడింది.

పరాయి దేశం గొడవ మనకెందుకని నేను తోసేయలేకపోతున్నాను. 1860లో మన శిక్షాస్మృతిలోకి 377వ సెక్షన్ వచ్చింది వాళ్ల చేతుల మీదుగానే. ఇష్టపడి కలిసే పెద్దవాళ్ల విషయంలో అది చెల్లదని 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత నాలుగు నెలలకు, సైన్యంలో ఇలాంటివి అనుమతించబోమని అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ విలేకరుల ముందు చెప్పారు. అంటే బ్రిటన్ దాటి వచ్చిన ఆ మినహాయింపు కాలంలో ఇప్పుడు మనం ఉన్నాం. అందుకే అక్కడ ఆ ఏళ్లలో మనుషులకు ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది.

జెనెట్ స్మిత్ బ్రిటిష్ వైమానిక దళంలో నర్సు. 1994లో ఎవరో ఒకామె పేరు చెప్పకుండా ఫోన్ చేసి, ఈమె లెస్బియన్ అని పై అధికారులకు ఉప్పందించింది. సర్వీసు పోలీసులు పిలిపించారు. స్మిత్ దాచలేదు, ఒప్పుకుంది. అక్కడితో విచారణ అయిపోవాలి కదా? అవలేదు. పడకగది సంగతులన్నీ తవ్వారు. ఆమె, ఆమె సహచరి కలిసి పదహారేళ్ల అమ్మాయిని పెంచుతున్నారు. ఆ పిల్లతో కూడా మీకు అలాంటి సంబంధం ఉందా అని అడిగారు. కేసు యూరప్ మానవ హక్కుల కోర్టుకు చేరాక, ఆ ప్రశ్నను ప్రభుత్వమే సమర్థించుకోలేకపోయింది. కానీ ఆ గదిలో కూర్చుని జవాబు చెప్పాల్సి వచ్చింది స్మిత్. ఒక తల్లిని అంత మాట అడగగలిగారంటే, అడిగినవాళ్లు ఆమెను అప్పటికే మనిషిగా చూడడం మానేశారన్నమాట. ఉద్యోగం పోవడం కంటే నాకు ఇదే పెద్ద దెబ్బగా కనిపిస్తుంది.

బ్యారెక్‌లో దాపరికం నిలవదని మా పెదనాన్న అనేవాడు. సుబేదారుగా చేసి వచ్చినవాడు. పక్క మంచం వాడింట్లో గేదె ఈనినా తనకు తెలిసేదట. ఎవరికి ఉత్తరం వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరి చెల్లెలికి సంబంధం కుదిరింది, ఎవరి పిల్లాడికి జ్వరం తగ్గింది, ఇవన్నీ అక్కడ అందరి సొత్తు. కాల్పులు మొదలైనప్పుడు మనిషి మనిషికి అడ్డుగా నిలబడేది ఈ కబుర్ల బలంతోనే అనేవాడు. ఆ మాట నిజమే అనుకుంటాను. మరి అదే బ్యారెక్‌లో, తన మనసులో ఉన్న మనిషి పేరు పలకలేని సైనికుణ్ణి ఊహించండి. సెలవులో ఎక్కడికెళ్లావంటే ఊరు మార్చి చెప్పాలి. ఎవరితో వెళ్లావంటే మగపేరును ఆడపేరు చేయాలి. రెండు నెలల సెలవు మీద ఇంటికొస్తే, వెళ్లేలోపు పెళ్లిచూపులు, తాంబూలాలు కానిచ్చేద్దామని పెద్దవాళ్లు సిద్ధంగా ఉంటారు. యూనిట్లో ఒక అబద్ధం, ఇంట్లో ఒక అబద్ధం. ఒక్కొక్కసారి ఆ ఇంటి అబద్ధంలోకి ఏమీ తెలియని ఒక ఆడపిల్ల జీవితం కూడా వచ్చి పడుతుంది.

గే సైనికులుంటే దళంలో ఐకమత్యం చెడుతుందన్నది అన్ని దేశాల్లోనూ వినిపించే వాదన. నా అనుమానం దీనికి తలకిందులుగా ఉంది. పక్కవాడితో ఇంటి మాట మాట్లాడలేకుండా చేసిన నిషేధమే ఐకమత్యాన్ని చెడగొట్టింది. స్మిత్‌తో పాటు కోర్టుకెక్కిన గ్రేమ్ గ్రేడీ వైమానిక దళంలో సార్జెంటు. ఆయన పనిలో ఎవరూ తప్పు పట్టలేదు. తోటివాళ్లు ఇబ్బంది పడతారన్నదే ప్రభుత్వం చూపించిన కారణం. 1999 సెప్టెంబరు 27న కోర్టు దాన్ని కొట్టేసింది. వేరే జాతివాళ్ల మీద, వేరే రంగువాళ్ల మీద మెజారిటీకి ఉండే విముఖత వివక్షకు ఎలా కారణం కాలేదో, ఇదీ అంతేనని తేల్చింది. మూడున్నర నెలల్లో నిషేధం ఎత్తేశారు. దళాల సామర్థ్యం మీద చెప్పుకోదగ్గ ప్రభావమేమీ కనబడలేదని ఆ తర్వాత రక్షణ శాఖ తన సమీక్షలోనే ఒప్పుకుంది.

అమెరికాలో మార్గరెత్ కామర్‌మేయర్ అనే కర్నల్ ఉండేది. నర్సు, నలుగురు కొడుకుల తల్లి, వియత్నాం యుద్ధంలో కాంస్య నక్షత్రం పొందిన మనిషి. 1989లో సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం జరిగిన ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకు, తాను లెస్బియన్‌నని జవాబు చెప్పింది. 1992లో తీసేశారు. 1994లో కోర్టు తిరిగి తీసుకోమంది. సర్వీసు పూర్తి చేసి 1997లో రిటైరైంది. సైన్యం తన అధికారుల్లో అన్నిటికంటే ముందు కోరేది నిజాయితీని. ఆమెను శిక్షించింది ఆ నిజాయితీకే. ఇక 1993లో తెచ్చిన విధానం, మేం అడగం, మీరు చెప్పొద్దు అంది. చాలామంది దాన్ని ఉదారమైన మధ్యేమార్గం అనుకున్నారు. నేనలా అనుకోను. నోరు మూసుకోవడాన్ని ఉద్యోగ షరతు చేశారు, అంతే. 2011 సెప్టెంబరు 20న ముగిసేలోపు దాని కింద 13 వేల మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఇరాక్ యుద్ధం సాగుతుండగానే అరబ్బీ వచ్చిన దుబాసీలను కూడా పంపించేశారు. సైన్యంలో ఆడవాళ్ల సంఖ్యతో పోలిస్తే, ఇలా పోయినవాళ్లలో వాళ్లు చాలా ఎక్కువ.

మన దగ్గర ఇలాంటి లెక్కలు బయటికి రావు. మనుషులు మాత్రం ఉన్నారు. ఉద్యోగం వదిలి వచ్చిన పదేళ్లకు, 2020లో ఒక మాజీ మేజర్ తాను గే అని పేరు పెట్టి చెప్పుకున్నాడు. ఆయన జీవితం ప్రేరణగా దర్శకుడు ఓనిర్ రాసుకున్న కథకు 2022లో రక్షణ శాఖ అనుమతి నిరాకరించింది. కశ్మీర్‌లో పనిచేసే సైనికుడికీ అక్కడి కుర్రాడికీ మధ్య ప్రేమ చూపిస్తే సైన్యానికి చెడ్డపేరు వస్తుందని పార్లమెంటులో వివరణ ఇచ్చింది. నాకు బాధ కలిగించిన మాట ఇది. మంచు కొండల్లో కాపలా కాసిన మనిషి ఎవరినో ప్రేమించాడని తెలిస్తే సైన్యం పరువు పోదు. విశాఖపట్నంలో పనిచేస్తూ, స్త్రీగా మారే శస్త్రచికిత్స చేయించుకున్న నావికురాలిని 2017లో నౌకాదళం తొలగించింది. అది లింగ గుర్తింపుకు సంబంధించిన విషయం, ఇది వేరు. కానీ చూపించిన తలుపు ఒక్కటే.

ఒక భయాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. హోదా ఉన్నవాడు కింది సిపాయిని లొంగదీసుకుంటే? అది ఘోరమైన తప్పు. సైన్యంలో పైవాడి మాట కాదనడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. కానీ బాధితురాలు ఆడమనిషైనా, బాధితుడు మగవాడైనా ఆ తప్పు ఒక్కటే, శిక్షా ఒక్కటే కావాలి. 2000లో బ్రిటన్ చేసింది అదే. ఆడా మగా, గేనా కాదా అని చూడకుండా అందరికీ ఒకే నడవడి నియమావళి పెట్టింది.

2023 జులైలో ఆ దేశపు అప్పటి ప్రధాని రిషి సునాక్ నిండు సభలో క్షమాపణ చెప్పారు. ఆ తర్వాత ప్రభుత్వం ఏడున్నర కోట్ల పౌండ్ల దాకా పరిహారం ప్రకటించింది. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పనిచేసిన జో ఊసలిస్ అనే నావికుడి నుంచి సత్ప్రవర్తన పతకం లాగేసుకుని, పాతికేళ్లు దాటాక తిరిగి ఇచ్చారు. క్షమాపణ వినకుండానే కన్నుమూసినవాళ్లూ ఉన్నారు.

ఆ రోజుదాకా మనం ఆగనక్కర్లేదు. సైనికుల ప్రాథమిక హక్కులను ఎంతవరకు కుదించాలో తేల్చే అధికారం రాజ్యాంగంలోని 33వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. కుదించిన చేత్తోనే సడలించవచ్చు. 1950 నాటి ఆర్మీ చట్టం 46వ సెక్షన్, అసహజమైన నీచ ప్రవర్తన అన్న మాట కింద ఏడేళ్ల దాకా జైలు వేయగలదు. ఇష్టపడి కలిసే పెద్దవాళ్లను దాని పరిధిలోంచి తప్పించాలి. బలవంతానికీ, హోదా చూపించి లొంగదీసుకోవడానికీ అందరికీ ఒకే శిక్ష రాయాలి. నౌకాదళ, వైమానిక దళ చట్టాల్లోనూ ఈ మార్పు జరగాలి. దీనికి ఒక సవరణ బిల్లు చాలు. మీ ఎంపీ ఓటు కోసం గుమ్మంలోకి వచ్చినప్పుడు, రోడ్డు గురించి, నీళ్ల గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి.