పువ్వు పుట్టగానే పరిమళించదు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. దీన్ని ఎవరు పుట్టించారో గానీ, గంజాయి మొక్కలతో పనిచేసినవాళ్ళు మాత్రం అయ్యుండరు. పూత మొదలైన తొలి వారంలో దగ్గరికెళ్ళి వాసన చూస్తే పెద్ద తేడా తెలీదు, దాదాపు అన్నీ ఒకే రకం పచ్చి వాసన. నిమ్మతొక్కలాగానో, మిరియంలాగానో, కిరోసిన్ గుడ్డలాగానో ఒక్కో మొక్క తనదైన వాసనని పూర్తిగా బయటపెట్టేది చివరి రెండు మూడు వారాల్లో. దేన్ని ఉంచాలి, దేన్ని పీకెయ్యాలి అన్నది మాత్రం నేను అంతకు చాలా ముందే తేల్చెయ్యాలి.

ఉద్యోగం గురించి రెండు ముక్కలు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. ఒంటారియోలో లైసెన్సున్న ఒక గ్రీన్‌హౌస్‌లో, కొత్త రకాలు తయారుచేసే జట్టులో నేనొకణ్ణి. ఇదే పని మన దగ్గర చేస్తే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద జైలుకి పోతాను. అమ్మ చుట్టాలకి “మందు మొక్కల కంపెనీ” అని చెప్పుకుంటుంది. మందు అనే మాటకి తెలుగులో ఉన్న అర్థాలన్నీ కలుపుకుంటే అది అబద్ధం కూడా కాదు.

మామూలు గంజాయి మొక్క రాత్రుల్ని కొలుస్తుంది. వేసవి వెనకబడి రాత్రి పొడుగయ్యాకే పూస్తుంది. గదిలో పెట్టి రోజుకి పద్దెనిమిది గంటలు వెలుగిస్తే ఏళ్ళతరబడి ఆకులేస్తూనే ఉంటుంది. మొక్కలకి పగటి నిడివిని బట్టి పూసే గుణం ఉందని అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు 1920లో చూపించారు. మన పాత వరి రకాల్లో చాలావాటికి ఈ గుణం ఉండేది. కాస్త ముందు నాటినా వెనక నాటినా పగళ్ళు తగ్గాకే ఈనేవి. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి విడుదలైన ఐఆర్8కి ఆ పట్టింపు లేదు. తన రోజులు తాను లెక్కపెట్టుకుని ఈనుతుంది, సార్వా అయినా దాళ్వా అయినా దానికొకటే.

ఆటోఫ్లవర్ గంజాయి కూడా అలాంటిదే. రాత్రి ఎంత పొడుగున్నా, మొలిచిన మూడు నాలుగు వారాలకి పూత మొదలుపెడుతుంది. పది వారాలకి అటూ ఇటూగా దాని జీవితం అయిపోతుంది. ఈ గుణం ఉత్తరాది బీడు మొక్కల నుంచి వచ్చింది. 1924లో యానిషెవ్‌స్కీ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు వాటికి రుడరాలిస్ అని పేరుపెట్టాడు. రాళ్ళూరప్పల్లో, పాడుపడ్డ చోట్ల మొలిచేదని అర్థం. చలి తొందరగా వచ్చిపడే చోట, రాత్రి పొడుగయ్యేదాకా ఆగిన మొక్క గింజ కట్టకుండానే చచ్చిపోతుంది. ఆగనిదే మిగిలింది. 2000 దశకం మొదట్లో, జాయింట్ డాక్టర్ అనే మారుపేరుతో ఒకాయన ఈ గుణాన్ని లోరైడర్ అనే పొట్టి రకంలో నిలబెట్టి అమ్మకానికి పెట్టాక, మాలాంటివాళ్ళకి పని దొరికింది.

గుణం అంతర్గతం. మామూలు మొక్కతో కలిపితే మొదటి తరంలో దాక్కుంటుంది. ఆ పిల్లల్ని వాటిలో వాటికే కలిపితే రెండో తరంలో సుమారు నాలుగింట ఒకటి ఆటో. ఇంటర్ బైపీసీలో మెండెల్ బఠానీలు చదివినవాళ్ళకి ఇందులో కొత్తేం లేదు. నాకు చిక్కు లెక్కతో కాదు, వేళతో.

మామూలు రకాలతో పనిచేసే మా పక్క గదివాళ్ళకి ఒక సుఖం ఉంది. ప్రతి మొక్క నుంచీ ఒక కొమ్మ తుంచి, వేళ్ళు దిగనిచ్చి, ఎక్కువ వెలుగులో పక్కన పెట్టుకుంటారు. అసలు మొక్క పూసి, కోసి, ఎండబెట్టి, ల్యాబ్ రిపోర్టు వచ్చాక తీరిగ్గా నిర్ణయం. బాగున్నదాని కొమ్మ అప్పటికి పచ్చగా ఎదురుచూస్తూ ఉంటుంది. ఆటోలో ఆ వీలు లేదు. కొమ్మ తుంచి నాటినా తల్లి వయసే దానికీ ఉంటుంది. అరచెయ్యంత ఎత్తులోనే అదీ పూసేసి తల్లితో పాటే పోతుంది. ఒక మొక్క గొప్పదని నాకు రూఢిగా తెలిసే రోజుకి ఆ మొక్క లేదు. మగమొక్కల సంగతి ఇంకా అన్యాయం. కోసి పరీక్షించడానికి వాటికి ఆ పూతే ఉండదు. మగది ఎలాంటిదో కూతుళ్ళు పండితే గానీ తెలీదు.

మరి నాలుగో వారంలో నా కంటికి ఆనేదేమిటి? ఏది ముందు పూసింది, ఏది ఏపుగా ఉంది. అంతే. సహజంగా చెయ్యి ముందు పూసినదాని మీదికి పోతుంది. మళ్ళీ దాని పిల్లల్లో ముందు పూసినదాని మీదికి. ఇలా కొన్ని తరాలు తిరిగేసరికి తొందరగా పూయడం తప్ప ఇంకేమీ చేతకాని మొక్కలు తయారవుతాయి. ముందు పూసిందంటే ఆకు వేసుకునే రోజులు తగ్గాయన్నమాట. ఆకు తగ్గితే పూతకి తిండి తగ్గుతుంది. మంచివాటిని ఎంచుకుంటున్నాం అనుకుంటూ, నిర్ణయం వేళకి ఏది కనబడితే దాన్ని ఎంచుకుంటూ పోతాం.

పీకేసిన మొక్క బాధపడుతుందా అన్నది వేరే చర్చ. నన్ను పట్టుకున్నది ఎంచుకునేవాడి గొడవ. తెలిసేదాకా ఆగుదామంటే కుదరదు. పుప్పొడి అందని మొక్కకి గింజ ఉండదు కాబట్టి ఆగడమూ ఒక తీర్పే. తెలియకుండా తీర్పు చెప్పక తప్పనప్పుడు ఎలా చెబితే నిజాయితీ?

ఆరో తరగతిలోనే పరీక్ష పెట్టి పిల్లల్ని ‘ఐఐటీ ఫౌండేషన్’ సెక్షన్లో వేసే ఊళ్ళో పెరిగాను. ఆ సెక్షన్‌కి ర్యాంకులొచ్చాయని తర్వాత ఫ్లెక్సీలు కడతారు. రాకేం చేస్తాయి, మంచి సార్లందర్నీ అక్కడే పెట్టాక! మిగతా సెక్షన్లలో ఎవరేమయ్యేవారో ఎవరికీ తెలీదు, ఎవరూ చూడలేదు గనక. పిల్లల్ని మొక్కలతో పోల్చడం నాకేమీ ఇష్టం కాదు, కానీ ఆ పోలిక వాళ్ళు ముందే చేసేశారు, నారుమడి అని కూడా అంటారు. నా మొక్కకి పది వారాలే కాబట్టి నాకు తొందర. పదకొండేళ్ళ పిల్లాడి విషయంలో తొందర ఎవరిది?

మా జట్టు పాటించే పద్ధతి ఒకటుంది. కొత్తదేం కాదు, మొక్కజొన్నవాళ్ళు ఎప్పట్నుంచో వాడుతున్నదే. మరీ జబ్బుపడ్డవి తప్ప ఏ ఆడమొక్కనీ ముందే పీకం. వీలైనన్నింటికి, ఒక్కోదానికి ఒక కింది కొమ్మకి మాత్రం, పుప్పొడి అద్దుతాం. ఏ మొక్క గింజలు ఆ కవర్లో. మొక్క పండాక తూచి, వాసన చూసి, బాగోలేనివాటి కవర్లు అప్పుడు పారేస్తాం. మిగిలిన ప్రతి కవర్లోంచీ సగమే విత్తుతాం. ఆ సగం బాగా వస్తే ఫ్రిజ్‌లో ఉన్న రెండో సగం బయటికి తీస్తాం. దీనికి చోటు కావాలి, మనుషులు కావాలి, బోలెడన్ని కవర్లు కావాలి. ఎందుకింత ఖర్చని మేనేజరు ప్రతిసారీ అడుగుతాడు. ఆయన ప్రశ్న తప్పని నేననను. తొందరపడకుండా ఉండటం ఎక్కడైనా ఖరీదైన వ్యవహారమే, ఆ ఖరీదు ఎవరో ఒకరు కట్టాలి.

అంత చేసినా పోయినది పోయినట్టే. పక్క గదివాళ్ళు మొక్కనే దాచుకుంటారు. మేం దాచుకునేవి దాని పిల్లల్ని, వాటిలో ఏదీ అదే కాదు. కిందటేడు 41 నంబరు మొక్క ఒకటి, చివరి వారంలో ఎండు నారింజ తొక్కా వామూ కలిసిన వాసన వేసింది. నాలుగో వారంలో ఆ వరసలో అన్నిటికంటే వెనకబడింది అదే. దాని కవర్లో ఇరవై ఆరు గింజలుంటే పదమూడు విత్తాను. ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. నాలుగు పూతకొచ్చాయి. మిగతా తొమ్మిదీ తీసేస్తే బల్ల ఖాళీ అవుతుంది కదా అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. ఉండనీ, ఇంకా వాటి రోజులు కాలేదన్నాను.