ముందు నడిచేవాని లెక్క



చలి కాస్త తగ్గి, వార్షిక పరీక్షలు ఇంకా దగ్గర పడని రోజుల్లో మన విచారణలలోని యువత నోట ఒక్కటే ప్రశ్న వినిపిస్తుంది: "ఈసారి ఏ కొండకు?" సికింద్రాబాదులో పెరిగిన వారికి కొండలు కొత్త కాదు. కాజీపేట వైపు రైలెక్కితే కిటికీలోంచే మౌలాలి గుట్ట కనబడుతుంది. అదే రైల్లో ఇంకొంత సేపు కూర్చుంటే భువనగిరి ఖిల్లా. పడమటికి పోతే మూసీ పుట్టే అనంతగిరి. ఆదివారం పూజ చివర ప్రకటన చదువుతారు, పేర్లు రాసుకుంటారు, తలకు ఇంత అని వేసుకుంటారు. అప్పుడు ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు: "పిల్లల్ని నేను తీసుకువెళతాను ఫాదర్."

ఈ వారం ఆ చెయ్యెత్తిన మనిషి గురించి నాలుగు మాటలు రాయాలని ఉంది. అతనికి జీతం లేదు. తన సెలవు రోజును పోగొట్టుకుంటాడు, చాలాసార్లు చేతి డబ్బు కూడా పెడతాడు. అలాంటివాడు తన వెనుక నడిచేవారికి ఏ మేరకు రుణపడి ఉంటాడు? "పాపం, ఉచితంగా చేస్తున్నాడు, ఏదన్నా జరిగితే ఆయన్ని అంటామా?" అని మనలో చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నవాణ్ణి. ఎందుకంటే ఆ చెయ్యెత్తినవాళ్లలో నేనొకణ్ణి.

కొన్నేళ్ల కిందట, ఫిబ్రవరిలో ఒక రెండో శనివారం, 33 మంది పిల్లలతో భువనగిరికి వెళ్లాము. భువనగిరి ఖిల్లా చూసినవారికి తెలుసు, అది కొండ అనడం కంటే ఒకే బండ అనడం సబబు. నేల మీద బోర్లించిన పెద్ద గుడ్డులా ఉంటుంది, ఎత్తు 500 అడుగులకు పైమాటే. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీద ఆ ఊరికి పేరు వచ్చిందంటారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన తెలుగు పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదనే. మా పిల్లలకు ఈ సంగతి రైల్లోనే చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో! ఒక్కొక్కడూ తానే ఆనంద్ కుమార్ అనుకున్నాడు.

నాకు నడక బాగా అలవాటు. ముందు నేను, నా వెనుక గబగబా నడిచేవాళ్లు, వాళ్ల వెనుక మిగతావాళ్లు. నాతో వచ్చిన ఇద్దరు పెద్దలూ కబుర్లలో పడి నాతోనే నడిచారు. వరుస చివర ఎవరూ లేరు. పైకి చేరి లెక్కపెడితే 32 మంది. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ 32.

ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు మెట్ల దారి వదిలి అడ్డదారిన నున్నటి బండ మీదికి ఎక్కాడు. బండ ఎక్కడం సులువు, దిగడమే కష్టం, కింద చూపు పడగానే కాళ్లు నిలవవు. వాడు అక్కడే కూర్చుండిపోయి రెండు చేతులతో బండను పట్టుకుని ఉన్నాడు. నీళ్ల సీసా దొర్లిపోయింది. మోకాళ్లు గీరుకుపోయాయి. మేము చూసేసరికి అలా ఎంతసేపటి నుంచి ఉన్నాడో! కేకవేయడానికి కూడా వాడికి గొంతు రాలేదట. చేయి పట్టి దించాము. ఇంకేమీ కాలేదు. నీళ్లు తాగించి, వీపు నిమిరి, నేను వాడితో ఒక మాట అన్నాను: "ఇంట్లో చెప్పకురా, అమ్మ భయపడుతుంది."

సాయంత్రం స్టేషనులో వాళ్ల అమ్మ ఎదురొచ్చి, "మీరున్నారన్న ధైర్యంతోనే పంపాను సార్," అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ మాట నన్ను చాలా దూరం వెంటాడింది. "మీరున్నారన్న ధైర్యం." ఆమె ఆ ధైర్యాన్ని నాకు డబ్బిచ్చి కొనలేదు. నేను అమ్మలేదు. అయినా అది ఆమె చేతిలోంచి నా చేతిలోకి వచ్చింది. జీతం తీసుకోనివాడికి బాధ్యత తక్కువ అన్న మన లెక్క ఇక్కడే తప్పుతుంది. యోహాను సువార్తలో మంచి కాపరి సంగతి చెబుతూ ప్రభువు జీతగాడిని ఎదురుగా నిలబెట్టారు. తోడేలు వచ్చినప్పుడు పారిపోయేది ఎవరు? జీతం తీసుకునేవాడు. ఎందుకంటే గొర్రెలు అతనివి కావు. అంటే జీతం లేకపోవడం బాధ్యతను తగ్గించదు, పెంచుతుంది. "వీళ్లు నా వాళ్లు" అని తనంతట తాను ఒప్పుకున్నవాడికి, జీతగాడికి ఉన్న సాకు కూడా ఉండదు.

ఇది పెద్ద మాటగా తోస్తే 2018 మార్చి 11ను గుర్తు చేసుకోండి. తమిళనాడు తేని జిల్లాలోని కురంగణి కొండల్లో ఆ రోజు అడవి అంటుకుంది. చెన్నై నుంచి వచ్చిన ఒక జట్టు, ఈరోడ్, తిరుప్పూరు వైపు నుంచి వచ్చిన మరో జట్టు కొండ దిగుతూ ఎండిన గడ్డి మధ్య మంటల్లో చిక్కుకున్నాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. చెన్నై జట్టులో చాలామంది స్త్రీలు, మహిళా దినోత్సవం సందర్భంగా బయలుదేరినవారు. వారిని తీసుకువెళ్లింది వ్యాపార సంస్థ కాదు, కొండలంటే ఇష్టపడే ఔత్సాహికుల సంఘం. దారి చూపడానికి వెళ్లినవారు కూడా మంటల్లో పోయారు. కాబట్టి పోయినవారిని నిందించడానికి నేను ఇది రాయడం లేదు. కానీ ఎండాకాలపు గడ్డిలోకి వెళ్లడం సబబేనా, అనుమతి ఉన్న దారి ఏది, లేని దారి ఏది అన్న ప్రశ్నలు ఆ తరువాత అందరూ అడిగారు. ఆ ప్రశ్నలు ముందు రోజు రాత్రి అడగవలసినవి.

మన నగరానికి మరింత దగ్గరి గాయం ఇంకొకటి ఉంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున, విహారయాత్రకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వారితో ఉన్న యాత్రా నిర్వాహకుడు ఒకరు, లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. నీరు వదిలినవారిది తప్పు. అయితే తరువాత అక్కడి హైకోర్టు నష్టపరిహారపు భారాన్ని విద్యుత్ బోర్డు మీద మాత్రమే ఉంచలేదు, కళాశాలకూ, ప్రభుత్వానికీ కొంత పంచింది. ప్రమాదం ఎవరి వల్ల వచ్చింది అన్నది ఒక ప్రశ్న. పిల్లలు ఎవరి కంటి కింద ఉన్నారు అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తీరిపోదు.

"వచ్చేవాళ్లు పెద్దవాళ్లు, వాళ్ల ఇష్టంతో వస్తారు" అని మీరు అనవచ్చు. నిజమే. మనుషులు గొర్రెలు కారు. ముప్పై ఏళ్ల మనిషి తెలిసే రాతి అంచున నడుస్తానంటే నేను చేయి పట్టుకుని ఆపలేను. కానీ "తెలిసే" అన్న మాట దగ్గరే అంతా ఉంది. దారి ఎంత దూరమో, నీడ ఎక్కడ లేదో, ఏ చోట జారుతుందో చెప్పినప్పుడే అతని ఇష్టం ఇష్టమవుతుంది. "అబ్బే, సులువే, మా చిన్నది కూడా ఎక్కింది" అని చెప్పి తీసుకువెళితే అతను వచ్చింది తన ఇష్టంతో కాదు, నా మాటతో. పిల్లల విషయంలో ఈ వాదన అసలే నిలవదు. తల్లిదండ్రులు సంతకం పెట్టిన కాగితం ఫైలులో ఉంటే ఉండవచ్చు గాని, బండ మీద కూర్చున్న పిల్లవాడికి అది చేయి అందించదు.

పునీత తోమాసు అక్వీనాసు వివేకమనే సుగుణాన్ని విడదీసి చెప్పినప్పుడు అందులో ముందుచూపును, చుట్టూ చూసే చూపును, జాగ్రత్తను చేర్చారు. అంతటితో ఆగక, ఇతరులు చెప్పింది వినే గుణాన్ని కూడా వివేకంలో భాగం చేశారు. కొండ నడకకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. కొండ కింద మేకలు కాసే ముసలాయన "పైన తేనెపట్లు ఉన్నాయి బాబూ, పొగ పెట్టకండి, సెంటు పూసుకోకండి" అంటే వినాలి. ఆయన డిగ్రీ చదివి ఉండకపోవచ్చు, పట్టు ఎక్కడుందో ఆయనకే తెలుసు. మన దక్కను బండ పొద్దున చల్లగా ఉండి పదింటికల్లా పెనం అవుతుంది. మనిషికి గంటకు అర లీటరు నీరు లెక్కగట్టుకోవాలి, తిరుగు దారికి కూడా. ఆయాసం ఉన్నవారెవరు, మూర్ఛ ఉన్నవారెవరు అని బయలుదేరకముందే అడగాలి, అది కూడా పదిమందిలో కాదు, పక్కకు పిలిచి. ఎండలో నడుస్తూ ఎవరైనా తడబడి మాట్లాడితే అది హాస్యం కాదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. 2005 నుంచి మనకు 108 ఉంది, నిజమే, అయితే ఫోనుకు సిగ్నలు లేని చోట 108 కూడా లేనట్టే. కాబట్టి ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్నింటికి తిరిగి వస్తాం అన్నది ఊళ్లో ఉన్న ఒకరికి రాసిచ్చి వెళ్లాలి.

ఇక వేగం సంగతి. వరుస వేగం అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగం. ఇది చెప్పినంత సులువు కాదు, ముందున్న కుర్రాళ్లు విసుక్కుంటారు. ఇంకొక చెడ్డ అలవాటు ఉంది. ముందువాళ్లు ఆగి కూర్చుంటారు. వెనుకబడినవాడు ఒగరుస్తూ రాగానే "వచ్చాడు, పదండి" అని లేస్తారు. అందరికంటే అలసినవాడికే విశ్రాంతి లేదు!

తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. మత్తయి సువార్తలో కాపరి తొంభైతొమ్మిదింటిని వదిలి వెళ్లింది కొండల మీదనే. ఆ ఒక్కదాని కోసం వెతికే ప్రేమ దేవునిది. దాన్ని ఆ రోజు నేను తొందరపాటుగా అనుకరించాను. 32 మంది పిల్లలను, నీళ్లు నిలిచిన గుంటల పక్కన, కోట గోడల అంచున, పెద్ద దిక్కు లేకుండా వదిలి పెద్దలం ముగ్గురమూ కిందికి పరుగెత్తాము. ఒకరు పోతే సరిపోయేది. అంతకంటే ముందు, వరుస చివర ఒక మనిషి నడిచి ఉంటే ఎవరూ పోనక్కర లేకపోయేది. ముందు నడిచేవాడికి దారి తెలియాలి గాని, నమ్మకస్తుడైన మనిషిని పెట్టవలసింది చివరనే.

వెనుదిరగడం గురించి కూడా ఒక మాట. 1922లో పోపు అయిన 11వ భక్తినాథ, అంటే పయస్ గారు, గురువుగా ఉన్న రోజుల్లో ఆల్ప్స్ పర్వతాలు ఎక్కినవారు. 1889లో మోంటే రోసా ఎక్కారు. 1923లో మెంతోను బెర్నార్డుగారిని కొండలెక్కేవారికి పాలక పునీతునిగా ప్రకటించింది ఆయనే. 2025 సెప్టెంబరు 7న పునీతుడైన పియర్ జోర్జియో ఫ్రస్సాటి కూడా స్నేహితులను కూడగట్టుకుని కొండలెక్కిన యువకుడే. రాతి మీద నిలబడిన ఆయన ఫోటోను మన యువత బ్యానర్ల మీద వేసుకుంటున్నారు. మంచిదే. కానీ అలాంటి కొండల మీద ఒకరి నడుముకు కట్టిన తాడు ఇంకొకరి నడుముకు కట్టి ఉంటుంది. ఒకరు కాలు జారితే రెండోవారికి తెలుస్తుంది. మన గుట్టల మీద మనకు తాడు అక్కర లేదు కాబట్టి, మనం ఒకరికొకరం కట్టి ఉన్నామన్న సంగతి మరచిపోతాము. మబ్బు పట్టినా, నీళ్లు తరిగినా, శిఖరం ఇంకో పావుగంట ఉందనగా "వెనక్కి పదండి" అనగలిగిన నోరు ముందు నడిచేవాడికి ఉండాలి. వేయి రూపాయల బస్సు ఖర్చు దండగైందని అనేవారు ఉంటారు. అననివ్వండి.

ఇంత బరువు మోపితే రేపు చెయ్యెత్తేది ఎవరు అని ఒక మిత్రుడు అడిగాడు. ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. చెయ్యెత్తేవారు లేక మన పిల్లలు సెలవుల్లో టీవీలకూ ఫోన్లకూ అతుక్కుపోవడం నేను చూస్తూనే ఉన్నాను. అన్నీ సరిగ్గా చేసినా కాలు జారవచ్చు, అందుకు ఎవరినీ ఉరి తీయకూడదు. కొండకు ప్రమాదం లేకుండా చేయమని మనం అతన్ని అడగడం లేదు. లెక్క అడుగుతున్నాము. ఎంతమందితో వెళ్లావు, ఎంతమందితో వచ్చావు, మధ్యలో ఏం జరిగింది. ఈ మూడోది చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

రెండు వారాల తరువాత పూజ ముగిశాక ఆ తల్లి దేవాలయం మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉంది. "వాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు సార్. కొండ మీద ఏమన్నా జరిగిందా?" అంది. అప్పుడు చెప్పాను, మొత్తం, ఇంట్లో చెప్పవద్దన్న మాటతో సహా. ఆమె కోపగించుకోలేదు. కొంచెం ఆగి ఇలా అంది: "మోకాళ్లు ఎక్కడ కొట్టుకున్నావురా అంటే బడిలో పడ్డానన్నాడు సార్. నాతో వాడు అబద్ధమాడటం అదే మొదలు."

ఆ అబద్ధం వాడిది కాదని ఆమెకు చెప్పాను. వాణ్ణి పిలిచి ఆమె ఎదుటే వాడికీ చెప్పాను. తల వంచుకుని విన్నాడు. మళ్లీ కొండకు వస్తావా అని అడగడానికి నాకు నోరు రాలేదు.