ఊరికే వచ్చేది వాన ఒక్కటేనా?

 

ఈ వారం వీడియోలో సేవ గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో సమయం చాలక ఒక ప్రశ్నను పక్కన పెట్టేశాను. అది రెండు మాటల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ప్రశ్న ఇది: ఎదుటివాడు మన దారిలోకి రావాలనే కోరిక మనసులో పెట్టుకొని చేసే సాయం, సేవ అవుతుందా? బేరం అవుతుందా?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు. ధర్మవరంలో ఉండే మా చెల్లెలు ఫోన్‌లో అడిగింది. వాళ్లది మగ్గం ఇల్లు. ఆమె కొడుకు, అంటే నా మేనల్లుడు, పై చదువుకని ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊరికి వెళ్లాడు. అప్పు చేసి పంపారు. అక్కడ వాడికి తెలిసినవాళ్లు లేరు. చదువు, పార్ట్‌టైం పని, చలి, గది. అంతే వాడి లోకం. ఒకరోజు వాడు సామాన్లు మోసుకుంటూ గది మారుతుంటే, తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ల పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు ఆగి, అడగకుండానే మంచం ఒక పక్క పట్టుకున్నారట. ఆ తరువాత వారం వారం వస్తున్నారు. మాట్లాడతారు, బాగోగులు అడుగుతారు, పోయే ముందు తమ గ్రంథం గురించి ఒక మాట చెబుతారు.

మా చెల్లెలికి నిద్ర పట్టలేదు. "అన్నా, వాళ్లు ఊరికే ఏంటికొస్తారు చెప్పు? ఊరికే వచ్చేది వాన ఒకటే, అది గూడా మన ధర్మవరానికి రాదు. మనోడిని మార్చేస్తారేమోనని భయంగా ఉండాది. తలుపు తీయొద్దని చెప్పల్లా, వద్దా?" అని అడిగింది.

జవాబు చెప్పే ముందు ఆ పిల్లలు ఎవరో తెలుసుకుందాం అనుకున్నాను. లోకం వాళ్లను మోర్మన్లు అంటుంది. వాళ్ల సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. 2018 నుంచి ఆ పూర్తి పేరుతోనే పిలవమని వాళ్ల పెద్దలు కోరుతున్నారు. 1830లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే ఆయన మొదలుపెట్టారు. ఇప్పుడు ముఖ్య కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. మా మేనల్లుడున్న ప్రెస్టన్‌కు వాళ్ల చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. అట్లాంటిక్ సముద్రం దాటి వాళ్లు మొదట బోధించిన ఊరు అదే, 1837లో. మనకూ వాళ్లు మరీ దూరం కాదు. వాళ్ల మోర్మన్ గ్రంథం తెలుగులో ఉంది. హైదరాబాద్‌లో, రాజమండ్రిలో వాళ్ల సభ్యులున్నారు. బెంగళూరులో ఆలయం కడతామని 2018లో ప్రకటించారు.

ఇక ఆ కుర్రాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూడండి. అబ్బాయిలైతే 18 ఏళ్లు నిండాక వెళ్లొచ్చు, రెండేళ్లు. అమ్మాయిలకు 2025 దాకా 19 నిండాలనే నియమం ఉండేది, వాళ్లది ఏడాదిన్నర. ఏ దేశం వెళ్లాలో వాళ్లు ఎంచుకోరు. పెద్దల నుంచి ఉత్తరం వస్తుంది, అందులో ఏ ఊరు రాసి ఉంటే అక్కడికి వెళ్లాలి. జీతం లేదు. తమ ఖర్చుకు తామో, ఇంట్లోవాళ్లో డబ్బు కట్టుకోవాలి. మామూలుగా ఉదయం ఆరున్నరకు లేవడం, వ్యాయామం, చదువు, ప్రార్థన, ఆపైన వీధుల్లోకి. రాత్రి పదిన్నరకు పడక. ఎప్పుడూ జంటగానే తిరగాలి, ఒంటరిగా పోకూడదు. ప్రేమలు, సినిమాలు లేవు. టీ, కాఫీ, మద్యం ముట్టరు. మావాడు మర్యాదకు టీ పెట్టిస్తే వేడినీళ్లు చాలన్నారట! వారంలో ఒకరోజు బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి. దాదాపు ఆరు వారాలకోసారి బదిలీలు జరుగుతుంటాయి. పక్కనున్న జంట మనిషైనా మారవచ్చు, ఊరైనా మారవచ్చు. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ చేయడానికి ఏడాదికి రెండుసార్లే వీలుండేది, క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. ఇప్పుడు వారానికోసారి మాట్లాడనిస్తున్నారు.

ఇంకో ముచ్చట. పద్దెనిమిదేళ్ల ఆ కుర్రాడిని అందరూ ఎల్డర్ అని పిలుస్తారు. అంటే పెద్దాయన అని అర్థం! నవ్వొస్తుంది. కానీ మాలవేసుకున్న పిల్లవాడిని మనం ఏమని పిలుస్తాం? పదేళ్లవాడైనా స్వామీ అంటాం కదా. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, బ్రహ్మచర్యం, నేల మీద పడక, కాళ్లకు చెప్పుల్లేవు. పిలుపు పెద్దదైతే నడవడికా పెద్దదవుతుందని మన నమ్మకం. వీళ్లది అలాంటి దీక్షే అనుకోండి. మనది 41 రోజులు, వాళ్లది రెండేళ్లు. కాబట్టి వాళ్లు ఏదో జీతానికి తిరుగుతున్నారనే మాటను మొదట మనసులోంచి తీసేద్దాం.

కానీ ఒక తేడా ఉంది. అయ్యప్ప స్వామి మాలవేసుకున్నవాడు పక్కింటివాడి తలుపు తట్టి నువ్వూ వేసుకో అని అడగడు. వీళ్లు అడుగుతారు. అడగడానికే వచ్చారు. మా చెల్లెలి అనుమానం అక్కడే. కోరిక ఉన్నచోట నిష్కామ సేవ ఎక్కడుంది?

తొందరపడి తీర్పు చెప్పే ముందు మన తట్ట మనం చూసుకోవాలి. బెంగళూరు రైలు మార్గంలో వరుసగా ఉండే స్టేషన్లు మనవి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. 2000లో ప్రశాంతి నిలయం స్టేషన్ రాకముందు, పుట్టపర్తి వెళ్లే భక్తులు మన స్టేషన్లలోనే దిగేవాళ్లు. ఇటలీవాళ్లు, జర్మనీవాళ్లు, అర్జెంటీనావాళ్లు తెల్లబట్టలు కట్టుకొని మన బస్సులు ఎక్కేవాళ్లు. ఆశ్రమంలో కూరలు తరిగేవాళ్లు, వడ్డించేవాళ్లు. వాళ్లను చూసి మనం ఎంత మురిసిపోయాం! మన స్వామి దగ్గరికి లోకమంతా వస్తోంది అన్నాం. ఇటలీలో ఒక తల్లి, నా బిడ్డ ఇంటి దేవుణ్ణి వదిలి ఎక్కడికో పోయాడు అని కుమిలిపోయి ఉంటుందేమో అని ఎప్పుడైనా ఆలోచించామా? 1965లో భక్తివేదాంత ప్రభుపాదులవారు డెబ్భై ఏళ్లకు దగ్గరపడిన వయసులో జలదూత అనే సరుకుల ఓడలో అమెరికా వెళ్లారు. పరాయి దేశంలో కృష్ణనామం చెప్పారు. అది మనకు గర్వం. మరి మనవాళ్లు వెళితే ప్రచారం పుణ్యం, వాళ్లు వస్తే పాపం అనడం ఏ తక్కెడ? ఆ మోర్మన్ల యూటాలోనే, స్పానిష్ ఫోర్క్ అనే ఊరిలో రాధాకృష్ణుల మందిరం ఉంది. దాని నిర్మాణంలో మోర్మన్ వాలంటీర్లు కూడా చెయ్యి వేశారు. అక్కడి హోలీకి వేలాదిమంది మోర్మన్ పిల్లలు వస్తారు.

అంతెందుకు, నేను మాత్రం? ప్రతి వీడియో చివర లైక్ చేయండి, పదిమందికి పంపండి అని అడుగుతున్నాను కదా. అది కూడా తలుపు తట్టడమే, ఫోన్ తలుపు. నాకు రుచించిన ప్రసాదం పక్కవాడి చేతిలో పెట్టాలనిపించడం మనిషి స్వభావం. కాబట్టి కోరిక ఉండటమే తప్పు అంటే, భజన చేసేవాడి నుంచి బడి నడిపేవాడి దాకా ఎవరమూ మిగలం.

అయితే అన్నీ ఒకటేనా అంటే, కాదు. గీత ఎక్కడుందో చెప్పాలి. నాకు తోచినవి రెండు పరీక్షలు.

మొదటిది, వద్దు అన్నాక చెయ్యి ఉంటుందా, పోతుందా? మంచం పట్టుకున్న చెయ్యి, నీ గ్రంథం నాకొద్దు అనగానే జారిపోతే, అది మొదటినుంచీ ఎరే. నిలిస్తే, కోరిక ఉన్నా అది సేవే.

రెండోది, పట్టు ఎక్కడ పట్టారు? మనిషి బుద్ధితో మాట్లాడారా, వాడి ఆకలితో, జబ్బుతో, అప్పుతో మాట్లాడారా? ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడికి, మందుకు ముందు మతం చెబితే అది బోధ కాదు, బలవంతం. మన రాజ్యాంగం 25వ అధికరణం తన మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. అయితే ప్రచారం చేసే హక్కు అంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చెప్పడం నీ వంతు, ఎంచుకోవడం వాడి సొంతం.

ఈ పరీక్షలో నెగ్గినవాళ్లను మన నేల చూసింది. విన్సెంట్ ఫెర్రర్ గారిని తెలియనివాళ్లు అనంతపురం వైపు ఉంటారా? 1920లో బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెసూట్ మిషనరీగా మన దేశం వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పనిచేసి, అక్కడినుంచి వెళ్లిపోవలసి వచ్చి, 1969లో అనంతపురం చేరారు. మరుసటి ఏడాది జెసూట్ సంఘాన్ని కూడా వదిలేశారు. తరువాత నలభై ఏళ్లు బావులు, ఇళ్లు, బడులు, మా చెల్లెలి ఊరికి దగ్గర్లోని బత్తలపల్లి ఆస్పత్రి. 2009లో పోయారు. బత్తలపల్లి మట్టిలోనే ఉన్నారు. బోధించడానికి వచ్చినవాడు బావి తవ్వుతూ ఉండిపోయాడు.

పెనుకొండ బాబయ్య స్వామి కథ మీకు తెలిసే ఉంటుంది. ఇరాన్ వైపు నుంచి వచ్చిన బాబా ఫక్రుద్దీన్‌కు, తిరుచిరాపల్లిలోని గురువు నత్తర్ వలీ ఒక పుల్ల ఇచ్చి, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ ఆగిపో అన్నారట. అది పెనుకొండలో చిగురించిందని చెప్పుకుంటారు. ఆ దర్గాకు ఇవాళ్టికీ అన్ని ఇళ్లవాళ్లూ వెళతారు. కథలో నాకు నచ్చేది ఒకటుంది. పుల్ల నాటడం వచ్చినవాడి పని. చిగురించడం మాత్రం నేల ఇష్టం. నేలను బెదిరించి చిగురు తెప్పించలేం.

మళ్లీ మా మేనల్లుడి సంగతికి వస్తాను. వాడితో నేనే మాట్లాడాను. "వాళ్లు చెప్పేది నీకు నచ్చుతోందా?" అని అడిగాను. కాసేపు ఆగి, "లేదు మామా. మన దేవుళ్లే నాకు చాలు. కానీ ఆ మాట చెబితే వాళ్లు రారేమో. వారానికోసారి నా తలుపు తట్టేది వాళ్లే" అన్నాడు. అందుకని చూద్దాంలే, చదువుతాలే అంటూ నెట్టుకొస్తున్నాడట.

చూశారా! ఇంతసేపూ ఇచ్చేవాడి మనసులో బేరం ఉందా అని వెతుకుతున్నాం. పుచ్చుకునేవాడి మనసులోనూ బేరం ఉండొచ్చు. మావాడి ఒంటరితనం నిజం, దానికి తప్పు పట్టలేను. కానీ ఆ పిల్లలు రెండేళ్లు ఇల్లు వదిలి, సొంత డబ్బుతో, మూసిన తలుపుల ముందు తిరుగుతున్నారు. వాళ్ల ఆశను తోడు కోసం వాడుకోవడం కూడా న్యాయం కాదు. "తలుపు తియ్యి. వేడినీళ్లు ఇవ్వు. నిజం చెప్పు. నిజం చెప్పాకే వాళ్లెవరో నీకు, నువ్వెవరో వాళ్లకు తెలుస్తుంది" అన్నాను.

చెప్పాడు. ఏమైందంటే, వారం వారం రావడం తగ్గింది. ఒకతనికి బదిలీ అయింది. మిగిలినతను మాత్రం మావాడు జ్వరంతో పడుకున్నాడని తెలిసి, కొత్త జంట మనిషిని వెంటబెట్టుకొని, సూపు డబ్బా ఇచ్చి వెళ్లాడట. గ్రంథం మాట ఎత్తలేదు. దీనిని బట్టి అందరు మిషనరీలూ ఇంతే అని నేను చెప్పను. ఎత్తేవాళ్లూ ఉంటారు, మళ్లీ రానివాళ్లూ ఉంటారు. ఆ కుర్రాడు మాత్రం మొదటి పరీక్ష నెగ్గాడు.

మా చెల్లెలికి ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వాళ్లమ్మకు వారానికి ఒకసారేనా ఫోను? పాపం, ఎట్లుంటుందో" అంది. ఆమె భయం పూర్తిగా పోయిందని కాదు. కొడుకు దూరంగా ఉన్నంతకాలం ఏ తల్లికీ అది పోదు.

మీ ఊరిలో, మీ అపార్ట్‌మెంటులో ఎవరైనా ఇలా తలుపు తడితే, మీకు ఇష్టం లేకపోతే లేదని నిమ్మళంగా చెప్పండి. అది వాళ్ల సమయానికి మీరిచ్చే మర్యాద. ఎండలో వచ్చారు కాబట్టి గ్లాసుడు నీళ్లివ్వండి. అలాగే మన గుడి తరఫునో, ట్రస్టు తరఫునో అన్నదానానికి, వైద్య శిబిరానికి వెళ్లేవాళ్లం మనమూ ఒకటి అడుగుకుందాం. ఈ విస్తరి ముందు కూర్చున్నవాడు రేపు నా గుడికి రాకపోయినా, నేను ఇంతే ప్రేమగా వడ్డిస్తానా? జవాబు ఎవరికీ చెప్పనక్కరలేదు. వడ్డించేటప్పుడు మన చేతికి తెలిసిపోతుంది.

వచ్చే వారం వీడియోలో కలుద్దాం. అందరికీ శుభం కలగాలి. దూరదేశాల్లో ఉన్న మన పిల్లలకూ, మన దేశంలో దూరంగా ఉన్న వాళ్ల పిల్లలకూ.

శుభం భూయాత్.