తగ్గిన ధర ఎటు పోయింది?



మన పలాస, టెక్కలి ప్రాంతంలోనూ, ఉద్దానం తీరాన వున్న పల్లెల్లోనూ ప్రతి కుటుంబంలో ఎప్పుడో ఒకప్పుడు తలెత్తే ఒక చిన్న ప్రశ్నను గూర్చి ఈ వారం మీతో కలసి ఆలోచించాలని వుంది. ఇంట్లో ఒక మోటారు సైకిల్ కావాలి. కొత్తది కొనేంత డబ్బు లేదు. సెకండ్ హ్యాండ్‌లో మూడు బండ్లు చూసి వచ్చారు. మొదటిది పదమూడేళ్ళు తిరిగిన పాత స్ప్లెండర్. రెండవది కూడా స్ప్లెండరే, కాని 2020 తర్వాత వచ్చిన ఇంజెక్షన్ బండి. మూడవది ఊరంతా ఆగి చూసే బుల్లెట్. తండ్రి మొదటిది చాలంటాడు. తల్లి ఏదైనా సరే, అప్పు మాత్రం వద్దంటుంది. కొడుకు మనసంతా మూడవదాని మీదే వుంది. ఏది కొనాలి?

"ఇది మెకానిక్‌ను అడగవలసిన మాట గాని పత్రికలో రాయవలసిన విషయమా?" అని మీరు అనవచ్చు. ఇంజను సంగతి మెకానిక్ చెబుతాడు, నిజమే. అతడు చెప్పలేనిది ఒకటుంది. ఒక బండి పదివేలు తక్కువకు వచ్చిందంటే ఆ పదివేలు గాలిలో కలిసిపోలేదు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక రూపంలో దాన్ని కడతారు. అదెవరన్నదే నీతి ప్రశ్న. బేరమాడిన ఇద్దరే కట్టుకొనేటట్లయితే మధ్యలో మనం మాట్లాడవలసింది ఏమీ లేదు. కాని చాలాసార్లు కట్టేది బేరం దగ్గర లేని మనిషి.

మన ప్రాంతంలో ఈ మాటకు బరువెక్కువ. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య వున్న ఎన్నో ఊళ్ళకు బస్సు ఎప్పుడో గాని రాదు. జీడిపప్పు పనికి పలాస వెళ్ళాలన్నా, గ్రానైటు పనికి టెక్కలి వెళ్ళాలన్నా బండే దిక్కు. వీటన్నిటికంటే పెద్దది ఉద్దానం కిడ్నీ జబ్బు. దశాబ్దాలుగా ఎన్నో ఇళ్ళను కూల్చిన ఆ జబ్బుకు కారణం ఇదీ అని నేటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ చేయించుకొనేవారు వారానికి రెండు మూడుసార్లు వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు నీరసంతో కొడుకు వీపుకు ఆనుకొని కూర్చుంటారు. అటువంటి ఇంట్లో ఒక ఉదయం బండి లేవకపోవడమంటే ఏమిటో అనుభవించినవారికే తెలుసు. ఆ ఇంటికి ఏ బండి కావాలన్నది షోకు విషయం కాదు.

ముందు పాత బండి సంగతి చూద్దాం. దాన్ని చిన్నచూపు చూడకండి. 1985లో హీరో హోండా సి.డి. 100, 1994లో స్ప్లెండర్ వచ్చిన నాటి నుండి ఆ చిన్న ఇంజను సామాన్యులకు చేసిన సేవ తక్కువ కాదు. అంతకు ముందు స్కూటరు కావాలంటే పేరు రాయించుకొని సంవత్సరాల తరబడి ఎదురు చూసేవారు. ఆ రోజుల్లో వాడిన చేతక్ కొత్తదాని కంటే ఎక్కువ ధర పలికిన వింత మన పెద్దలు ఎరుగుదురు. బండి పాతదైనా చేతికి వెంటనే వస్తుంది గనుక! సరే, పాత స్ప్లెండర్ దారిలో ఆగిపోతే కార్బొరేటర్ విప్పి, చెత్త ఊది, మళ్ళీ బిగించి పంపగల మెకానిక్ ప్రతి కూడలిలోనూ దొరుకుతాడు. బ్యాటరీ పడిపోయినా కిక్కు కొడితే లేస్తుంది. సామాను చవక.

మరి తగ్గిన ధర ఎవరు కడుతున్నారు? మన సముద్రపు గాలిలో ఉప్పు వుంది. నౌపడ ఉప్పు మళ్ళను చూసినవారికి ఈ మాట చెప్పనక్కరలేదు. ఆ గాలికి చైను, చక్రాల పుల్లలు, సైలెన్సరు, సీటు కింది ఫ్రేము నెమ్మదిగా తుప్పు తింటాయి. పైన రంగు కొట్టి కొత్త స్టిక్కరు అంటిస్తే చూడముచ్చటగా వుంటుంది. మీరు సీటు తీయించి చూడండి. మీటరు అంకెలను నమ్మకండి, వాటిని వెనక్కు తిప్పడం తేలిక. బ్రేకు పెడలు మీది అరుగుదల, కాళ్ళు పెట్టుకొనే రబ్బర్లు అంతకంటే నిజం చెబుతాయి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగుస్తుంది. ఆ పైన తనిఖీ చేయించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో బాగా పెరిగింది. పదమూడేళ్ళ బండి కొన్నవారి నెత్తిన రెండేళ్ళకే ఈ ఖర్చు పడుతుంది. బేరం నాడు దీని ఊసు ఎవరూ ఎత్తరు.

ఇంకొకటి. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి., అంతకు లోపు కొత్త బండ్లలో వెనుక బ్రేకు తొక్కితే ముందు చక్రానికి కూడా పట్టే ఏర్పాటు వచ్చింది. పాతవాటిలో అది లేదు. అంటే తగ్గిన ధరలో కొంత భాగాన్ని వెనుక కూర్చున్న తల్లో, చెల్లెలో తన ప్రాణంతో పూచీ పడుతోందన్నమాట. ఇన్ని చెప్పినా పాత బండి కొనడం తప్పని నేననను. మన ఇళ్ళలో చాలా వాటికి అదే తగినదని నా అభిప్రాయం. కాకపోతే చేతిలో వున్న డబ్బంతా బండికే పోసేయకుండా టైర్లు, బ్రేకులు, చైను మార్పించడానికి కొంత పక్కన పెట్టుకొని కొనాలి.

2020 తర్వాతి బండి గురించి చెప్పవలసింది తక్కువే. ఆ సంవత్సరం ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 నియమాలు వచ్చాయి. పొగ తక్కువ, ఉదయాన్నే లేస్తుంది, బ్రేకులు మెరుగు. కాని అందులో కార్బొరేటర్ బదులు సెన్సర్లు వున్నాయి. అవి మొరాయిస్తే కూడలిలోని మెకానిక్ ఊది బాగుచేయలేడు, యంత్రం పెట్టి చూసేవారి దగ్గరకు తీసుకుపోవాలి. మీ ఊరికి అటువంటివారు ఎంత దూరంలో వున్నారో కొనకముందే తెలుసుకోండి. ఆసుపత్రికి తిరిగే ఇంటికి, అప్పు లేకుండా కొనగలిగితే, నేను దీన్నే కొనమంటాను.

ఇక బుల్లెట్. ఇక్కడ పెద్దలమైన మనం కొంచెం తొందరపడి తీర్పు చెబుతుంటాం. "గొప్పలకు పోతున్నాడు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి, నెలల తరబడి ఇంటి ముఖం చూడకుండా ఇతరుల బోట్ల మీద వేటకు పోయి వచ్చే మన మత్స్యకార యువకుని తలచుకోండి. అక్కడ అతడు ఎవరికీ తెలియని కూలి. ఇక్కడ ఊరి మొదట బండి ఆపితే "ఏటి బావా, ఎంతకు తెచ్చావు?" అని నలుగురు చుట్టూ చేరతారు. ఆ నాలుగు మాటల కోసం మనిషి ఆకలిగొనడం పాపం కాదు. తన కష్టాన్ని ఎవరైనా గుర్తించాలని కోరుకోని వాడెవడు?

అయితే అతనిని కూడా అదే ప్రశ్న అడగాలి. ఈ గౌరవానికి ధర ఎవరు కడుతున్నారు? అతడే తన కష్టార్జితంతో కడితే మనం నోరు మెదపనవసరం లేదు. వాయిదాల మీద తెచ్చి, తాను మళ్ళీ వేటకు వెళ్ళిపోతే ఆ వాయిదా గుర్తు పెట్టుకొనేది ఇంట్లో ఆడవాళ్ళు. డబ్బు అందని నెలలో వారు ఏ ఖర్చు ఆపుతారు? మందులా, ఫీజులా? ఇక్కడ మరొక సంగతి. ఇప్పటి క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, స్ప్లెండర్ 112 కిలోలు. ఇసుక దారిలో దిగబడితే దాన్ని తోయవలసింది ఆ రోజు నడుపుతున్నవారు. పెట్రోలు దాదాపు రెట్టింపు తాగుతుంది. బుల్లెట్‌లోనూ పాతా కొత్తా వున్నాయి. ఎనభైలు, తొంభైల నాటి బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి వుంటాయి. దానికి అలవాటు లేని తమ్ముడు అత్యవసరంలో ఎక్కితే బ్రేకు అనుకొని గేరు తొక్కుతాడు. ఇంట్లో ఒక్కరే నడపగల బండి ఆ ఒక్కరు లేనినాడు ఇంటికి అక్కరకు రాదు.

ఇంతవరకు కొనేవారితో మాట్లాడాను. అమ్మేవారితో మాట్లాడకపోతే సగం న్యాయమే అవుతుంది. తన బండి లోపం అమ్మేవాడు ఎంతవరకు చెప్పాలి? ఈ ప్రశ్న చాలా పాతది. క్రీ.పూ. 44లో రోమను రచయిత సిసెరో తన కుమారుని కోసం రాసిన గ్రంథంలో ఒక వర్తకుని గూర్చి చర్చించాడు. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుండి ఒకడు ధాన్యపు ఓడతో వచ్చాడు. వెనుక మరికొన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివారికి తెలియదు. చెబితే ధర పడిపోతుంది. చెప్పనవసరం లేదన్నాడు డయోజెనీస్ అనే తత్త్వవేత్త. చెప్పి తీరాలన్నాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసెరో శిష్యుని పక్షాన నిలిచాడు.

13వ శతాబ్దంలో పునీత తోమాస్ అక్వినాస్ ఈ విషయాన్ని మరింత నిశితంగా విడదీశారు. రాబోయే ఓడల సంగతి చెప్పకపోవడం అన్యాయం కాదు గాని, చెప్పడం ఎక్కువ సుగుణమన్నారు. వస్తువులోనే వున్న లోపం వేరు. గుర్రానికి ఒక కన్ను లేదనుకోండి, అది అందరికీ కనబడేదే. దానికి తగ్గట్టు ధర తగ్గిస్తే నోరు విప్పి చెప్పకపోయినా ఫరవాలేదు. కంటికి కనబడకుండా, కొన్నవానికి నష్టమో ప్రమాదమో తెచ్చే లోపాన్ని మాత్రం చెప్పి తీరాలి. మన బండికి అన్వయిస్తే, చిరిగిన సీటు గురించి చెప్పనక్కరలేదు. గుద్దుకొని ఫ్రేము వంగితే సరిచేయించిన సంగతి, ఇంజను వరద నీటిలో మునిగిన సంగతి అడగకపోయినా చెప్పాలి. "ఆయన అడగలేదు, నేను చెప్పలేదు" అనే మాట ఇక్కడ చెల్లదు. కనబడని లోపాన్ని అడగడం ఎవరి తరం?

ఆ మహనీయుడే చెప్పిన మరొక మాట మన ఉద్దానానికి మరీ దగ్గరగా వుంది. వస్తువును వదులుకోవడం వల్ల అమ్మేవానికి ప్రత్యేకమైన నష్టం వుంటే ధరలో దాన్ని కలుపుకోవచ్చు. కొనేవాని అవసరం పెద్దది కాబట్టి ధర పెంచడం మాత్రం కూడదు. ఆ అవసరం కొనేవానిది, దాన్ని అమ్ముకొనే హక్కు మరొకరికి లేదు. ఇంట్లో డయాలసిస్ రోగి వున్నాడు, వీళ్ళకు రేపటికి బండి కావాలి అని పసిగట్టి ఐదువేలు పెంచినవాడు అమ్మింది బండిని కాదు, వారి భయాన్ని. ఇది తిరగేసినా నిజమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తోటలకు తోటలనే పడగొట్టిన నాటి రోజులను గుర్తు చేసుకోండి. అటువంటప్పుడు చేతిలో కాసు లేక బండి అమ్మజూపేవానిని సగం ధరకు అడిగే కొనుగోలుదారు చేసేదీ అదే పని.

"నేనొక్కడిని నిజం చెబితే బజారు మారుతుందా?" అంటారు కొందరు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల మీద ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయన నోబెల్ బహుమతి పొందడానికి ప్రధాన కారణం అదే. అక్కడ చెడ్డ కారును నిమ్మకాయ అంటారట. మనవాళ్ళు కొత్త బండి చక్రం కింద పెట్టే నిమ్మకాయకూ దీనికీ సంబంధం లేదు! ఆయన చెప్పింది ఇది. మంచిదేదో చెడ్డదేదో కొనేవానికి తెలియకపోతే దేనికైనా మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండి వున్నవాడు అమ్మడు, ఇంట్లోనే వుంచుకుంటాడు. బజారులో చెడ్డవే మిగులుతాయి. అది చూసి ధర ఇంకా పడిపోతుంది. అంటే ఒకడు దాచిన లోపానికి అతని దగ్గర కొన్నవాడే కాదు, పదేళ్ళు బండిని కన్నబిడ్డలా చూసుకొని నేడు కూతురి పెళ్ళికి అమ్ముకుంటున్న పక్కవీధి మాస్టారు కూడా కడుతున్నారు. ఆయన ఎంత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

చివరగా కాగితాలు. ఇక్కడ ధర కట్టేది చాలాసార్లు అమ్మినవాడే. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి, డబ్బు లెక్కపెట్టుకొని వచ్చేస్తాడు. బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది, పుస్తకంలో పేరు మాత్రం ఇతనిదే. బీమా లేని ఆ బండి ఎక్కడో ఎవరినో గుద్దితే పరిహారం ఎవరిమీద పడుతుంది? రిజిస్ట్రేషన్‌లో పేరున్నవారే యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఇచ్ఛాపురం దాటి ఒడిశా బండి చవకగా తెచ్చుకొనేవారు అక్కడి కార్యాలయం ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం తప్పక తీసుకోవాలి. అది లేని చవక, చవక కాదు.

కాబట్టి బేరం కుదిరిన రోజున ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, ఫైనాన్సు బాకీ తీరినట్లు కాగితం, బీమా పత్రం దగ్గర పెట్టుకోండి. వీటితో పాటు బండికి ఏ సంవత్సరం ఏ పని చేయించారో ఒక తెల్ల కాగితం మీద రాసి ఇమ్మని అమ్మేవారిని మర్యాదగా అడగండి. "అదంతా ఎందుకండీ, ఇంకో వెయ్యి తగ్గిస్తాను" అని ఆయన అంటే, ఆ వెయ్యి దేనికి తగ్గిస్తున్నారో ఆయననే అడగండి.