సలాంతో పాటు హక్కు కూడా



బంధుత్వ సంబంధాల గురించి మేము ఎన్నోసార్లు రాశాము, నలుగురిలో కూర్చుని చెప్పాము కూడా. అయితే ఆ మాటలు ముందుగా మాకే వర్తిస్తాయని గుర్తుచేసినవాడు మాత్రం ఒక పాత సహాధ్యాయి. ఆ సంఘటనను దాచుకోవటం కన్నా మీతో పంచుకోవటమే మేలనిపించింది.

2024 ఆగస్టులో కృష్ణకు వరద వచ్చి శ్రీశైలం జలాశయం గేట్లు ఎత్తారు. చూసి తీరాలని మనవలు మారాం చేస్తే నంద్యాల నుంచి బయలుదేరాము. ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల ఘాటు దాటి జుహర్ వేళకు సున్నిపెంట చేరుకున్నాము.

సున్నిపెంట మాకు కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టే రోజుల్లో పనివాళ్ళ కోసం వెలసిన కాలనీ అది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు 1980ల తొలినాళ్ళకు గాని పూర్తి కాలేదు. మా నాన్నగారు అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. పదో తరగతి దాకా మా చదువు అక్కడే సాగింది. పని ముగియగానే కుటుంబాలన్నీ తలో దిక్కుకు వెళ్ళిపోయాయి.

మసీదులో నమాజు ముగించి సలాం చెబుతూ కుడివైపుకు ముఖం తిప్పితే, అదే వరుసలో కూర్చున్న తెల్లగడ్డం మనిషి మమ్మల్నే చూస్తున్నాడు. దుఆ ముగించి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఇన్‌స్పెక్టర్ సాబ్ కొడుకువి కదూ?"

నలభై అయిదేళ్ళ తర్వాత కూడా ఆ గొంతు మారలేదు. అతను మా పక్క బెంచీ మిత్రుడు. కాంట్రాక్టు కింద డ్యామ్ గేట్ల పనుల్లో ఫిట్టరుగా చాలా ఏళ్ళు చేసి, ఆ ఊళ్ళోనే స్థిరపడిపోయాడు. వద్దన్నా వినకుండా ఇంటికి తీసుకెళ్ళాడు. జొన్నరొట్టెలు, చెనక్కాయల ఊరిబిండి ముందుపెట్టి ఒక్కొక్కరి క్షేమం అడగసాగాడు. చివరికి ఇలా అన్నాడు:

"ఎనిమిదో తరగతిలో నీకు కామెర్లు వస్తే మీ చెల్లెలు రోజూ మా ఇంటికొచ్చి నా నోటుపుస్తకాలు తీసుకెళ్ళేది. నీ పాఠాలన్నీ తన చేత్తో రాసిపెట్టేది. ఆ పాప ఎలా ఉంది?"

మేము జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే, ఆ చెల్లెలితో మాట్లాడి అప్పటికి ఎనిమిదేళ్ళు దాటింది.

మేము చెప్పుకున్న సాకులు

ఆ నిజం చెప్పక తప్పలేదు. నాన్నగారు నంద్యాలలో ఒక ఇల్లు కట్టారు. ఆయన, ఆ తర్వాత అమ్మ అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు. మేమిద్దరమే సంతానం. కొన్నాళ్ళకు చెల్లెలు తన వాటా అడిగింది. మాకు కోపం వచ్చింది. పెళ్ళికి అప్పు చేసి ఖర్చు పెట్టలేదా? 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఆమె ఇంటిల్లిపాదినీ రెండు నెలలు మా ఇంట్లో పెట్టుకోలేదా? ఇంకా ఏ ముఖం పెట్టుకుని వాటా అడుగుతుంది? ఇవీ మేమన్న మాటలు. ఆ రోజు నుంచి ఆమె మా గడప తొక్కలేదు. మేమూ పిలవలేదు.

మిత్రుడు అంతా విన్నాడు. మమ్మల్ని తప్పుపట్టలేదు, ఓదార్చనూ లేదు. తన సంగతి చెప్పుకొచ్చాడు.

శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా గ్రామాలు మునిగిపోయాయి. లక్షమందికి పైగా జనం నిలువనీడ కోల్పోయారు. మునిగిన ఊళ్ళలో మిత్రుడి తాతగారి ఊరు కూడా ఒకటి. పొలానికి వచ్చిన పరిహారం డబ్బు పంపకం దగ్గర అతనికి, అన్నగారికి మాటా మాటా పెరిగింది. పదకొండేళ్ళు పలకరింపులు లేవు. ఒకరోజు ఫజర్ తర్వాత అన్నగారు ఇక లేరన్న కబురు వచ్చింది.

"జనాజా నమాజులో మొదటి వరుసలో నిలబడ్డాను భాయ్. నాలుగు తక్బీర్ల తర్వాత సలాం చెప్పాను. పదకొండేళ్ళు మా అన్న ఎదురుచూసిన సలాం అది కాదు" అన్నాడు. కాసేపాగి, "గేట్ల తాళ్ళకు గ్రీజు వానాకాలానికి ముందే పెడతారు. వరద మీదికొచ్చాక ఎవరూ పెట్టరు. నీకింకా సమయం ఉంది, వెళ్ళు" అన్నాడు.

వెళ్ళేటప్పుడు మూడు విషయాలు మరిచిపోవద్దన్నాడు. మొదటిది, ఫోను చేసి ఊరుకోవద్దు, మనిషివే వెళ్ళాలి. రెండోది, వట్టి చేతులతో వెళ్ళవద్దు, ఆమె హక్కు ఆమెకు పట్టుకెళ్ళాలి. మూడోది, 'కానీ' అన్న మాటను ఇంట్లోనే వదిలి వెళ్ళాలి. "'తప్పయింది, కానీ...' అన్నావంటే ఆ తప్పు మళ్ళీ చేసినట్టే" అన్నాడు.

ధర్మం ఏమంటుంది?

ఘాటు దిగుతున్నంతసేపూ అతని మాటలే చెవుల్లో మోగాయి. మేము ఏళ్ళ తరబడి చదివిన విషయాలే అవి. ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి.

తనతో మంచిగా ఉన్నవారితో మంచిగా ఉండటం ఎవరైనా చేసే పనే. బంధుత్వాన్ని నిజంగా కలిపేవాడంటే, ఎదుటివారు తెంచుకున్నా కలుపుకొనేవాడేనని దైవప్రవక్త (స) బోధించారు. సాటి సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానెయ్యటం ముస్లింకు ధర్మసమ్మతం కాదని, ముందుగా సలాం చెప్పినవాడే ఆ ఇద్దరిలో ఉత్తముడని కూడా ఆయన (స) తెలియజేశారు. మూడు రోజులెక్కడ, మా ఎనిమిదేళ్ళెక్కడ? సోమ, గురువారాల్లో దాసులకు క్షమాపణ లభిస్తుందని, పరస్పరం పగ పెట్టుకున్న ఇద్దరి విషయం మాత్రం వారు సమాధానపడే దాకా వాయిదా పడుతుందని హదీసులో ఉంది. ఆ ఎనిమిదేళ్ళలో అలాంటి వారాలు నాలుగు వందలకు పైగా గడిచిపోయాయి.

చేసిన మేలు ఎత్తిచూపే విషయంలో హజ్రత్ అబూబక్ర్ (రజి) ఉదంతం మనకు గొప్ప పాఠం. మిస్తహ్ ఆయన బంధువు, పేదవాడు. ఆయన పెట్టే ఖర్చుతోనే బతికేవాడు. అలాంటివాడు హజ్రత్ ఆయిషా (రజి) గారిపై కపటులు పుట్టించిన అపనిందలో పాలుపంచుకున్నాడు. కన్నకూతురిపై నింద! ఇకపై ఒక్క దిర్హమూ ఇవ్వనని అబూబక్ర్ (రజి) ఒట్టుపెట్టుకున్నారు. అప్పుడు అన్నూర్ సూరాలోని 22వ ఆయతు అవతరించింది. బంధువులకు సాయం ఆపేస్తామని ఒట్టు పెట్టుకోవద్దని, మన్నించమని, అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీకు ఉండదా అని అది ప్రశ్నించింది. ఆ ప్రశ్న వినగానే ఆయన తిరిగి సాయం మొదలుపెట్టారు. అంత పెద్ద గాయాన్ని ఆయన మన్నించారు. మా చెల్లెలైతే మమ్మల్ని గాయపరచనే లేదు, తన హక్కు అడిగిందంతే.

అవును, అది హక్కే. అన్నిసా సూరాలో అల్లాహ్ స్త్రీలకు వారసత్వపు వాటా స్వయంగా నిర్ణయించాడు. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా ఆ వాటా ఇచ్చి తీరాలి. అప్పులు, వీలునామా ఏవైనా ఉంటే అవి తీరాక మిగిలిన దానిలో కొడుకుకు రెండు వంతులు, కూతురికి ఒక వంతు. ఒక కొడుకు, ఒక కూతురు మాత్రమే వారసులుగా మిగిలితే కూతురికి మూడో వంతు దక్కాలి. పెళ్ళికి పెట్టిన ఖర్చు దానికి జమ కాదు. పండుగకు పెట్టే చీరా జమ కాదు, కష్టకాలంలో ఇచ్చిన ఆశ్రయమూ జమ కాదు. నమాజు వేళలను ఎంత జాగ్రత్తగా పాటిస్తామో ఈ లెక్కను కూడా అంత జాగ్రత్తగా పాటించవలసినవాళ్ళం మనం. ఈ విషయంలో అల్లాహ్ హద్దులు మీరేవారికి అక్కడే గట్టి హెచ్చరిక కూడా ఉంది.

కర్నూలు వీధిలో

నెల తిరగకముందే కర్నూలు వెళ్ళాము. ఇంటి విలువ కట్టించి, మూడో వంతులో సగానికి చెక్కు, మిగతా సగం ఏడాదిలో చెల్లిస్తామన్న రాతకోతలు వెంట తీసుకెళ్ళాము. చెల్లెలు తలుపు తీసింది. మా సలాంకు జవాబిచ్చింది. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేకపోయాము.

"తప్పు మాదేనమ్మా" అన్నాము. నోటి చివరిదాకా వచ్చిన 'కానీ'ని మింగేశాము.

ఆమె కాగితాలు చూడకుండానే పక్కన పెట్టింది. "అమ్మ పోయాక నేను ఆ ఇంటి బిడ్డనే కాదన్నట్టు మాట్లాడావు కదన్నా. నాకు బాధ దానికే" అంది.

అన్నీ ఒక్క రోజులో చక్కబడ్డాయని మేము చెప్పము. ఆమె భర్త ఆ రోజు మాతో కూర్చుని భోంచేయలేదు. నేటికీ ముభావంగానే ఉంటారు. ఆ పని మాకింకా మిగిలే ఉంది. కాని రంజాన్ పండుగనాడు ముందుగా మోగింది చెల్లెలి ఫోనే.

ప్రియ పాఠకులారా! మీ ఇంట కూడా ఇలా మూసుకుపోయిన తలుపు ఒకటి ఉందేమో చూసుకోండి. ముందు వాళ్ళే రానీ అని అనుకుంటున్నారేమో, వాళ్ళూ అక్కడ అదే అనుకుంటున్నారు. అక్కాచెల్లెళ్ళ వాటా మీ దగ్గర ఉండిపోయిందేమో ఈ రాత్రే లెక్క చూడండి. ఆడబిడ్డ మొహమాటపడి వదిలేసినంత మాత్రాన అది మనకు హలాల్ అయిపోదు. ముందు ఆమె చేతిలో పెట్టండి. ఆపైన ఇష్టపూర్వకంగా తిరిగి ఇస్తే అది ఆమె దాతృత్వం. అలాగే, పాత మిత్రులనూ మరిచిపోకండి. దైవప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (రజి) మరణించాక కూడా, మేకను జిబహ్ చేసినప్పుడు ఆమె స్నేహితురాళ్ళకు మాంసం పంపేవారు. మనం దాచుకున్న తప్పును మన ముఖం మీద చెప్పగలిగే మిత్రుడు దొరకటం అల్లాహ్ అనుగ్రహం.

ఓ అల్లాహ్! తెగిన బంధాలను కలుపుకొనే మనసు, ఇతరుల హక్కును వారికి అప్పగించే ధైర్యం మాకు ప్రసాదించు. జనాజా వరుసలో నిలబడే రోజు రాకముందే సలాం చెప్పే భాగ్యం మాకు కలుగజెయ్యి. ఆమీన్.