బాటసారి హక్కు

ఒక యూరి మేలుకొఱకు చేయు పనులలో ఆ యూరివారి మాటయే చెల్లవలెనని మనము సామాన్యముగా తలంతుము. చెఱువు పూడిక తీయుట, పాఠశాల కట్టుట, వీథిదీపములు పెట్టుట మొదలగు విషయములలో ఈ నియమము సరియైనదే. కాని బాట విషయమున నిది చాలదు. బాట యొక యూర మొదలై, రెండవ యూరి నడుమగా సాగి, మూడవ యూరు చేరును. నడిమి యూరివారు కాదన్నయెడల తక్కిన రెండూళ్లవారి శ్రమయు వ్యర్థమగును. అట్లు కాదనుటకు వారికి ధర్మమున నధికార మున్నదా? సైకిళ్లకును పాదచారులకును పొరుగూళ్లను కలుపుచు చెట్లనీడను బాటలు వేయు దేశములలో నీ ప్రశ్న మాటిమాటికి పుట్టుచున్నది.

అమెరికాలో మాసచూసెట్సు రాష్ట్రమున, బోస్టను నగరమునకు సమీపముగా, మినిట్‌మాన్ బాట యనునది యొకటి గలదు. 1846వ సంవత్సరమున మొదలై తరువాత పొడిగింపబడిన యొక రైలుమార్గముపై 1977లో ప్రయాణికుల బండ్లును, 1981లో సరకుల బండ్లును నిలిచిపోయెను. పట్టాలు పోయిన ఆ చోటనే కేంబ్రిడ్జి, ఆర్లింగ్టను, లెక్సింగ్టను, బెడ్‌ఫర్డు అను నాలుగూళ్లను కలుపుచు ఇంచుమించు 10 మైళ్ల సైకిలుబాట 1993 నాటికి సిద్ధమయ్యెను. దాని చివరి భాగము నగరమునకు పోవు రైలుస్టేషను చెంతకు చేరుచున్నది. కావున మోటారుకారు లేనివాడును సైకిలెక్కి స్టేషను చేరి పనికి పోగలడు. ఈ బాటలో ఏ యొక్క యూరి పాలును విడిగా చూచిన గొప్పది కాదు; నాలుగును కలిసినందుననే దానికి విలువ కలిగినది.

ఆ ప్రాంతముననే వెస్టను అను మఱియొక యూరు గలదు. అచ్చట వాడుక లేక పడియున్న వేఱొక రైలుమార్గముపై బాట వేయుదమన్న ప్రతిపాదనమును 1997లో ఊరిసభ త్రోసివేసెను. 2019లో గాని ఆ యూరి మీదుగా బాట తెఱవబడలేదు. సభ న్యాయముగనే కూడినదనియు, ఓట్లు న్యాయముగనే లెక్కింపబడినవనియు ఒప్పుకొందము. ఐనను ఆ దారిని పోవలసిన పొరుగూరివారికి ఆ సభలో నోటు లేదు. తీర్పు చెప్పువారొకరు, దాని ఫలమనుభవించువారు వేఱొకరు నగుట న్యాయమగునా?

ఇట్టి బాటలనెదిరించువారి మాటలు ఎల్లచోట్ల నించుమించుగా నొకటియే: “క్రొత్తవారు మా పెరటి వెనుక తిరుగుదురు, దొంగతనములు పెరుగును, మా యేకాంతము చెడును.” వీనిలో మొదటి రెండును కేవలము శంకలు. క్రొత్తవాడగుట నేరము కాదు. మన పొలిమేర దాటి రెండు మైళ్లు నడచిన మనమును క్రొత్తవారమే కదా! మూడవ మాట మాత్రము నిజమైన నష్టమును చెప్పుచున్నది. దానిని తేలికగా కొట్టివేయరాదు.

వాడుక తప్పిన రైలుమార్గములను మున్ముందు అవసరమునకై కాపాడుచు, ఈలోపల బాటలుగా వాడుకొనవచ్చునని అమెరికాలో 1983వ సంవత్సరమున చట్టము చేసిరి. బండ్లు నిలిచిపోయినందున ఆ మార్గము క్రింది నేల తమకు తిరిగి రావలెనని వెర్మాంటు రాష్ట్రమున కొందఱు గృహస్థులు వ్యాజ్యమాడిరి. 1990లో సుప్రీముకోర్టు చట్టము చెల్లునని చెప్పుచునే, పరిహారము కోరు దారిని వారికి మూసివేయలేదు. 1996లో వేఱొక న్యాయస్థానము వారికి పరిహార మీయవలసినదేయని తీర్మానించెను. నాకీ తీర్పు ధర్మమునకు మిక్కిలి దగ్గఱగా తోచుచున్నది. బాట నిలువవలెను, దానివలని నష్టము ప్రక్కయింటివాని నెత్తినే పడక, దానిపై నడచువారందఱును పంచుకొనవలెను.

మన పెద్దలు బావి త్రవ్వించుట, చెట్లు నాటించుట మొదలగువానికి పూర్తమని పేరిడి పుణ్యకార్యములలో చేర్చిరి. అశోకుడు దారుల ప్రక్కల మఱ్ఱిచెట్లు నాటించి బావులు త్రవ్వించినట్లు తన శాసనములలో చెప్పుకొనియున్నాడు. నీడను నిలిచినవానిని నీదే యూరని చెట్టడుగదు. కాని పూర్తము తన సొమ్ముతో చేసినపుడే పుణ్యము. ఒకని నేలను ఊరకయే తీసికొని పదుగురికి నీడ కల్పించుట దానము కాదు.

ఈ ధర్మము మనకును పనికివచ్చును. మన పల్లెలలో ఊరినుండి యూరికి పోవు పుంతలును డొంకలును అంచురైతు ఏటేట నొక చాలు లోనికి దున్నుటచే సన్నగిల్లినవి పెక్కులున్నవి. అచ్చట ఎవరును సభ చేయలేదు, ఓటు వేయలేదు. అడుగువాడు లేనందుననే బాట పోయినది. వెస్టనులో ఓటుచే జరిగినది ఇచ్చట నాగలిచే జరుగుచున్నది.

కావున బాట గీయబూనిన పెద్దలు పటము విప్పుటకు ముందే రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ సభలో మాటలేని బాటసారి యెవడు? ఈ బాటవలన ఇరుగుపొరుగులలో నష్టపోవువాడెవడు? మొదటివానికి దారియు, రెండవవానికి పరిహారమును సమకూర్చిన పిమ్మటనే కొలతలు తీయుట మేలు. బడికి పోవు బాలికకును, కూలికి పోవు పేదకును సైకిలే వాహనమైన చోట నీ పనిని విలాసమని ఎంచి వాయిదా వేయుట తగదు.