త్రాడు పట్టినవాని ధర్మము

తెల్లవారుజామున పూలసజ్జతో దేవాలయమునకు బయలుదేరిన వృద్ధురాలికి వీథి మలుపులో ఒక పెంపుడు కుక్క ఎదురగును. అది ఉత్సాహముతో ఆమె మీదికి దుముకును. పూలు నేలపాలగును. త్రాడును తన చేతికే చుట్టుకొని పది బారల వెనుక వచ్చుచున్న యజమాని "భయపడకండి మామ్మగారూ, మా కుక్క ఏమీ చేయదు" అని పలుకును. పట్టణములలో ఇట్టి దృశ్యము అరుదు కాదు. కుక్క కరవలేదు గదా, ఇక అపరాధమేమున్నదని అనవచ్చునా? ఇది విచారింపదగిన విషయము.

గాయపరచుట ఒక్కటే హింస యనుకొనరాదు. భయపెట్టుటయు హింసయే. గీత పండ్రెండవ అధ్యాయమున భగవానుడు తనకు ప్రియులైనవారి లక్షణములను చెప్పుచు, ఎవనివలన లోకము కలతపడదో అట్టివానిని వారిలో చేర్చెను. కుక్క స్వభావము యజమానికి తెలియును. ఎదుట వచ్చువారికి తెలియదు. తనకు తెలిసినదానిని బట్టి పరుల భయమును తేలికగా త్రోసివేయుట తగదు.

ధర్మశాస్త్రకారులు ఈ బాధ్యతను స్పష్టముగా నిర్ణయించిరి. కోరలు, కొమ్ములు గల తన జంతువు వలన ఆపదలో పడినవానిని విడిపింప శక్తి యుండియు విడిపింపని స్వామికి యాజ్ఞవల్క్యస్మృతి ప్రథమసాహస దండము, అనగా 270 పణములు, విధించెను. బాధితుడు మొఱపెట్టినను కదలనిచో రెట్టింపు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను, తన ఆధీనములోని జంతువు విషయమున తగిన జాగ్రత్త వహింపక పరులకు అపాయము తెచ్చువానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చునని చెప్పుచున్నది. నాడును నేడును దండన స్వామికే.

నోరులేని ప్రాణిని కట్టుట దయకు విరుద్ధము కాదా యని కొందరు శంకింతురు. ఆ శంకయు ఉచితమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము కుక్కను అతి కురుచయైన లేదా బరువైన గొలుసుతో మితిమీరిన కాలము కట్టియుంచుటను, నిత్యము కట్టియుంచు కుక్కను తగినంత తిప్పకుండుటను తప్పుగా నెంచినది. గుంజకు కట్టిన గొలుసు వేరు. వెంట నడచువాని చేతిలోని త్రాడు వేరు.

ఈ సందర్భమున భాగవత దశమస్కంధమునందలి ఉలూఖలబంధన ఘట్టము స్మరణీయము. భగవానునికి ఇతర ప్రాణితో పోలిక చెప్పుట కాదు. ఇందు గ్రహింపవలసినది తల్లి నడవడి. బెత్తముతో వెంబడించిన యశోద, బాలుడు భయపడుట చూచి బెత్తమును పారవైచెను. ఆ పిమ్మటనే త్రాడు చేపట్టెను.

కుక్కకు నడక నేర్పుటయందును ఇదే క్రమము. అది ముందుకు లాగినపుడు కొట్టరాదు, వెనుకకు గుంజరాదు, నిలిచిపోవలెను. త్రాడు వదులైనంతనే మెచ్చుకొని అడుగు వేయవలెను. లాగినచో దారి సాగదనియు, కలిసి నడచినచో సాగుననియు అది క్రమముగా తెలిసికొనును. ఇందులకు యజమానికి ఓర్పు కావలెను. పిల్లలు, వృద్ధులు ఎదురైనపుడు త్రాడును దగ్గరగా పట్టి ప్రక్కకు తొలగవలెను. రేబిస్ టీకాలను వేళకు వేయించవలెను. ఎండకు కాలిన రోడ్డుపై దానిని నడిపింపరాదు. వీథిలో అది విసర్జించిన మలమును తానే తీసివేయవలెను. గృహస్థుని శౌచము తన గుమ్మముతో ముగియదు.

మహాప్రస్థానమున ధర్మరాజు తన్ననుసరించి వచ్చిన శునకమును విడిచి స్వర్గమునకు పోనొల్లడయ్యెను. ఆశ్రితుని విడువకుండుట ఎంత ధర్మమో, ఆ ఆశ్రితుని వలన పరులకు భయము కలుగకుండ చూచుటయు అంతే ధర్మము. ఈ రెండును ఎరిగిన యజమాని ఎదురైననాడు ఆ వృద్ధురాలి సజ్జలోని పూలు స్వామి పాదములను చేరును.